విపత్తు వేళ పిలిచిన వాలంటీరుకు దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది? పథకం సరిపోతుందా, చట్టం కావాలా?

గోపాలపట్నం_గిరి

విపత్తుల సమయంలో సాయపడే వాలంటీరుగా నేను పన్నెండు రోజుల శిక్షణ పొందాను. తాళ్లకు ముడులు వేయడం, నీళ్లలో చిక్కుకున్నవారిని ఒడ్డుకు చేర్చడం, గుండె ఆగినవారికి ఛాతీ మీద నొక్కి ప్రాణం నిలపడం నేర్పించారు. చివరి రోజున ఒక సామగ్రి సంచీ, గుర్తింపు కార్డు, మూడేళ్ల బీమా ఇచ్చారు. గత ఏడాది వానాకాలంలో ఒక రాత్రి పదకొండు దాటాక ఫోను మోగింది. కొండవాలు ఇళ్ల మీదికి మట్టి జారుతోందని, దగ్గరలో ఉన్న వాలంటీర్లు వెంటనే వెళ్లాలని చెప్పారు. వెళ్లాను. నడవలేని ముసలివాళ్లను నలుగురిని భుజాల మీద కిందికి దించాం. ఐదోసారి మెట్లెక్కుతుండగా, వేళ్లు తేలి వాలిన చెట్టు కొమ్మ విరిగి నా కుడికాలి మీద పడింది. మోకాలి కింది ఎముక రెండు చోట్ల విరిగింది. రాడ్డు వేశారు. మూడున్నర నెలలు మంచం మీదే ఉన్నాను.

నేను మోటారు విడిభాగాల దుకాణంలో పనిచేస్తాను. యజమాని మొదటి నెల సగం జీతం ఇచ్చారు, ఆ తర్వాత ఇవ్వలేకపోయారు. ఆయనను తప్పుపట్టడం లేదు. బీమా గడువు దెబ్బ తగలడానికి రెండు నెలల ముందే తీరిపోయిందని ఆసుపత్రిలో ఉండగా తెలిసింది. సంబంధిత కార్యాలయానికి చంకకర్రలతో వెళితే, మిమ్మల్ని పిలిచినట్లు రాతపూర్వకమైన ఉత్తర్వు ఏదైనా ఉందా అని అడిగారు. అర్ధరాత్రి మట్టి జారుతుంటే ఉత్తర్వు రాసి ఇచ్చేవారు ఎవరుంటారు?

మళ్లీ పిలిస్తే మళ్లీ వెళతాను, అందులో సందేహం లేదు. కానీ మా ఆవిడ అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. "దేశం పేరు చెప్పి పిలిచారు కదా, కాలు విరిగాక ఎవరి పేరు చెప్పమంటారు?" అని అడిగింది. నాలాంటివారికి వర్తించే చట్టం ఇప్పుడేమైనా ఉందా? లేకపోతే, ఉండాల్సిన చట్టంలో ఏం రాయాలి? తెలిసినవారు చెప్పండి.

కంచరపాలెం_కృష్ణ

గిరి గారూ, మీ దుకాణానికి ఈఎస్‌ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా ఉందా? ఉంటే దెబ్బ పని చోట తగలకపోయినా అనారోగ్య భృతి కింద జీతంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల వరకు వస్తుంది. మా అన్నయ్య కామెర్లతో పడుకున్నప్పుడు ఆ డబ్బే మా ఇంటిని నడిపింది.

గోపాలపట్నం_గిరి

మా దుకాణంలో ఆరుగురమే. పదిమంది ఉంటే గాని ఈఎస్‌ఐ వర్తించదన్నారు.

డాబాగార్డెన్స్_న్యాయవాది

గిరి గారి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలంటే, ఆయన పరిస్థితికి పూర్తిగా సరిపోయే చట్టం లేదు. ముక్కలు ముక్కలుగా కొన్ని ఉన్నాయి, వాటి మధ్య సందులో ఆయన పడ్డారు.

ఉద్యోగుల పరిహారం కోసం 1923లో వచ్చిన చట్టమైనా, 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి అయినా యజమాని, ఉద్యోగి అనే సంబంధం మీదే నిలబడ్డాయి. వాలంటీరుకు జీతం ఉండదు కాబట్టి ఆయన ఉద్యోగి కాడు, ఉద్యోగి కాడు కాబట్టి పరిహారం లేదు. పౌర రక్షణ చట్టం 1968లో వచ్చింది. యుద్ధకాలపు దాడుల నుంచి ప్రజలను కాపాడటమే మొదట దాని లక్ష్యం, తర్వాత సవరణతో విపత్తు నిర్వహణ కూడా అందులో చేరింది. అయితే ఆ చట్టం కింద ఏర్పడిన దళంలో సభ్యులైనవారికే అది వర్తిస్తుంది. గిరి గారు పొందిన శిక్షణ జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ నడిపే ఆపదమిత్ర పథకంలాంటిది. అది 2016లో 30 జిల్లాల్లో 6,000 మందితో ప్రయోగంగా మొదలై, తర్వాత 350 జిల్లాలకు, లక్ష మందికి విస్తరించింది. అది పథకం మాత్రమే. పథకం ఇచ్చిన బీమాకు గడువు ఉంటుంది, గడువు తీరాక అడిగే హక్కు ఉండదు.

ఇక రాష్ట్ర విపత్తు స్పందన నిధి నిబంధనలు చూడండి. విపత్తులో మరణించినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తారు, ఆ పద్దులో "సహాయక చర్యల్లో పాల్గొన్నవారితో సహా" అనే మాట స్పష్టంగా ఉంది. తీవ్రంగా గాయపడి వారం రోజులకు మించి ఆసుపత్రిలో ఉంటే 16,000, అంతకన్నా తక్కువైతే 5,400 రూపాయలు. గాయాల పద్దులో సహాయకుల ప్రస్తావన విడిగా లేదు. అంటే వాలంటీరు చనిపోతే గుర్తించిన నిబంధన, బతికి మంచాన పడితే గుర్తించడానికి తడబడుతోంది.

మద్దిలపాలెం_మాధవి

చివరి వాక్యం చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

ఎన్‌ఎస్‌ఎస్_మాష్టారు

ఇరవై రెండేళ్లు కళాశాలలో పాఠాలు చెబుతూ, అందులో పదకొండేళ్లు జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) కార్యక్రమ అధికారిగా ఉన్నాను. న్యాయవాది గారు చెప్పిన పథకానికీ చట్టానికీ ఉన్న తేడాను నేను ప్రతి ఏడాదీ నా పిల్లల ముఖాల్లో చూశాను.

విద్యార్థులకు సైనిక తరహా శిక్షణ ఇచ్చే ఎన్‌సీసీకి 1948లోనే చట్టం చేశారు. ఎన్‌ఎస్‌ఎస్ 1969 సెప్టెంబరు 24న, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో మొదలైంది. ఇన్ని దశాబ్దాలు గడిచినా అది పథకంగానే ఉంది. ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చునే ఇద్దరిలో ఎన్‌సీసీ సి సర్టిఫికెట్ ఉన్నవాడికి సైన్యంలో అధికారిగా చేరడానికి ప్రత్యేక ప్రవేశ మార్గం ఉంది, ఇంజనీరింగ్ ప్రవేశాల్లో ప్రత్యేక కోటా ఉంది. రెండేళ్లలో 240 గంటలు పనిచేసి, ఏడు రోజుల శిబిరంలో మురుగు కాల్వలు తవ్విన ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థికి దొరికేది ఒక ధ్రువపత్రం. ఎన్‌సీసీ పిల్లలకు ఇచ్చింది తగ్గించమని నేను అనడం లేదు, వాళ్లు దానికి తగినవాళ్లే.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. నేను బాధ్యత చూసిన రోజుల్లో ప్రత్యేక శిబిరానికి ఒక్కో విద్యార్థికి 450 రూపాయలు ఇచ్చేవారు. ఏడు రోజులకు పంచితే రోజుకు 64 రూపాయలు. అందులోనే మూడు పూటల తిండి, ప్రయాణం, మందులు. ఒక శిబిరంలో ఊరివాళ్లు రోజూ పొద్దున్నే రెండు బిందెల గంజి, ఉల్లిపాయలు పంపించారు. ఆ ఊరి ఆడవాళ్ల దయతో శిబిరం నడిచింది. అదే శిబిరంలో ఒక అమ్మాయికి గడ్డపార జారి పాదం తెగితే, ఆటోలో తీసుకెళ్లి కుట్లు వేయించిన ఖర్చు సహాధ్యాయులు చందాలు వేసుకుని కట్టారు.

2020_మే_గుర్తు

విశాఖలో వెంకటాపురం వైపు ఉండేవాణ్ణి. 2020 మే 7 తెల్లవారుజామున ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకై కమ్మినప్పుడు ఇళ్ల తలుపులు పగలగొట్టి, స్పృహ తప్పినవాళ్లను భుజాన వేసుకుని పరుగెత్తినవాళ్లు ఎక్కువమంది పక్క వీధుల కుర్రాళ్లే. చనిపోయిన పన్నెండు మంది కుటుంబాలకు ప్రభుత్వం కోటి రూపాయల చొప్పున ప్రకటించింది, అది సరైన పని. మోసుకెళ్లినవాళ్లలో వారాల తరబడి దగ్గుతూ గడిపినవాళ్లను నేనెరుగుదును. వాళ్లకు ఏ జాబితాలోనూ పేరు లేదు.

డాబాగార్డెన్స్_న్యాయవాది

మీరు ఎత్తిచూపింది ముఖ్యమైన లోటు. స్పందన నిధి నిబంధనల్లో కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితా ఉంది. తుపాను, వరద, భూకంపం, కొండచరియ, అగ్నిప్రమాదం వంటివి అందులో ఉన్నాయి, రసాయన వాయువు లీకు లేదు. ఇన్ని పరిశ్రమలున్న విశాఖకు ఆ జాబితా సరిపోదు. కాబట్టి కొత్త చట్టం విపత్తు పేరును బట్టి కాకుండా, పిలుపును బట్టి వర్తించాలి. ప్రభుత్వం పిలిచిందా, వెళ్లాడా అన్న రెండు ప్రశ్నలకే జవాబు చూడాలి.

సేవాపథం_సింహాచలం

చర్చ నడుస్తున్న దారి నాకు కలవరం కలిగిస్తోంది. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు నేను మరచిపోలేను. మర్నాడు రోడ్డు ఎక్కడుందో తెలియనంతగా చెట్లు పడి ఉన్నాయి. ఎవరూ ఎవరినీ పిలవలేదు. ఇంట్లో కత్తి ఉన్నవాడు కత్తి, రంపం ఉన్నవాడు రంపం పట్టుకుని వచ్చాడు. కరెంటు లేని ఆ రోజుల్లో మా వీధి బావి నుంచి మూడు వీధులకు నీళ్లు తోడిపోశాం. దానికి భత్యం, బీమా, ధ్రువపత్రం అన్న ఆలోచనే మాకు రాలేదు. ప్రతిఫలం ముందుగా రాసిపెట్టిన పనిని సేవ అనడం నాకు మనస్కరించదు. లాభం ఉందని తెలిస్తే లాభం కోసం వచ్చేవాళ్లు మొదటి వరుసలో నిలబడతారు, నిజంగా పనిచేసేవాళ్లు వెనక్కు పోతారు. గిరి గారికి న్యాయం జరగాలి, దానికి నా అభ్యంతరం లేదు. సేవకు ధర కట్టవద్దన్నదే నా విన్నపం.

మద్దిలపాలెం_మాధవి

పెద్దవారు, మీ అనుభవం మీద గౌరవం ఉంది. కానీ గిరి గారు అడిగింది ప్రతిఫలం కాదండీ. వెళ్లడానికి ముందు ఉన్న కాలు, వెళ్లాక లేకుండా పోయిన మూడున్నర నెలల జీతం, ఈ రెండే అడుగుతున్నారు. పోయినదాన్ని పూడ్చడం ధర కట్టడం ఎలా అవుతుంది? పైగా జీతం ఆగితే ఇల్లు గడవనివాడు రెండోసారి పిలుపుకు రాలేడు. అప్పుడు సేవ చేసే అవకాశం తినడానికి ఉన్నవాళ్లకే మిగులుతుంది.

సేవాపథం_సింహాచలం

అమ్మా, ఆఖరి మాట నన్ను ఆలోచనలో పడేసింది. నష్టం పూడ్చడం వరకు ఒప్పుకుంటాను. మార్కులు, కోటాలు వద్దు.

ఎన్‌ఎస్‌ఎస్_మాష్టారు

అక్కడ నేను మీతో ఏకీభవించను. 240 గంటలు ఊళ్లలో పనిచేసిన పిల్లవాడు నేర్చుకున్నది తరగతి గదిలో నేర్చుకున్నదానికి తీసిపోదు. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2015లోనే ఎన్‌ఎస్‌ఎస్‌ను ఐచ్ఛిక పాఠ్యాంశంగా పెట్టి, డిగ్రీ లెక్కలో కలిసే క్రెడిట్లు ఇవ్వవచ్చని చెప్పింది. అయితే "ఇవ్వవచ్చు" అన్నచోట ఒక కళాశాల ఇస్తుంది, పక్క కళాశాల ఇవ్వదు.

ఆటోనగర్_యజమాని

నాది పద్నాలుగు మంది పనిచేసే చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. మాధవి గారి వాదన సబబుగానే ఉంది, కానీ ఆ భారం ఎవరి మీద పడుతుందో ఎవరూ చెప్పడం లేదు. నా దగ్గర వెల్డింగ్ చేసే ఇద్దరిలో ఒకడు వాలంటీరుగా పదిరోజులు వెళితే, ఆర్డరు ఆలస్యమైనందుకు జరిమానా నేను కట్టాలి. జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని చట్టం రాస్తే, నాలాంటివాళ్లు పనిలో పెట్టుకునే ముందే నువ్వు వాలంటీరువా అని అడిగి, అవునంటే వద్దంటారు. ఇది బెదిరింపు కాదు, జరగబోయేది చెబుతున్నాను. పోయినేడు నా మనిషి ఒకడు పుష్కరాల బందోబస్తు సేవకని అడిగితే నాలుగు రోజులు నేనే పంపించాను, జీతం కోయలేదు. ఇష్టంతో ఇవ్వడం వేరు, ప్రభుత్వం చేయాల్సిన ఖర్చును చట్టం పేరుతో నా నెత్తిన వేయడం వేరు.

ఉప్పుగాలి_ఇంజనీర్

యజమాని గారి చిక్కుకు జర్మనీ వాళ్లు ముప్పై ఏళ్లకు పైగా వాడుతున్న పరిష్కారం ఉంది. బాన్ నగరంలో ఆరేళ్లు ఉద్యోగం చేశాను. అక్కడ టెక్నిషెస్ హిల్ఫ్స్‌వెర్క్ అనే సాంకేతిక సహాయ దళం ఉంది. అందులో 80,000 మందికి పైగా వాలంటీర్లే. 1990లో దాని కోసం ప్రత్యేక చట్టం చేశారు. వాలంటీరును పిలిచినప్పుడు యజమాని అతన్ని వదలాలి, ఆ రోజుల జీతం ఎప్పటిలాగే ఇవ్వాలి. ప్రైవేటు యజమాని ఆ జీతాన్ని ప్రభుత్వం నుంచి తిరిగి రాబట్టుకుంటాడు. మా విభాగంలో ఒక ఫిట్టరు వరద సహాయానికి వెళ్లినప్పుడు జీతాల విభాగంలో ఒక పత్రం నింపి పంపడం చూశాను, అంతటితో సరిపోయింది. వాలంటీరు అయినందుకు ఉద్యోగంలో నష్టం కలగకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది.

ఆటోనగర్_యజమాని

డబ్బు నిజంగా తిరిగి వస్తుందంటే నాకు అభ్యంతరం లేదు. ఎన్ని రోజుల్లో వస్తుందో కూడా చట్టంలోనే రాయాలి. మూడేళ్ల తర్వాత వచ్చే డబ్బుతో మా షెడ్డు నడవదు.

డాబాగార్డెన్స్_న్యాయవాది

ఆ షరతు న్యాయమైనది. ఉద్యోగ రక్షణ మన దేశానికి కొత్తేమీ కాదు. వేరే ఉద్యోగాలు చేసుకుంటూ అవసరమైనప్పుడు సైన్యంలో సేవ చేసేవారి కోసం చేసిన 1948 నాటి టెరిటోరియల్ ఆర్మీ చట్టంలోనే, సేవకు పిలిచిన వ్యక్తిని తిరిగి వచ్చాక పాత యజమాని పనిలోకి తీసుకోవాలని ఉంది. అప్పుడు తుపాకీ పట్టినవాడికి రాసిన మాటను ఇప్పుడు తాడు, స్ట్రెచరు పట్టినవాడికి కూడా రాయమంటున్నాం.

హోంగార్డు_ఇల్లాలు

మా ఆయన పంతొమ్మిదేళ్లుగా పోలీసులకు సాయంగా పనిచేసే హోంగార్డు. కాగితం మీద అదీ స్వచ్ఛంద సేవే. 2015 మార్చిలో సుప్రీంకోర్టు హోంగార్డులను పర్మినెంటు చేయాలని చెప్పలేదు గానీ, నెలలో ముప్పై రోజులు పనిచేస్తే పోలీసు కానిస్టేబులు కనీస జీతానికి సమానమయ్యేలా రోజువారీ భత్యం ఇవ్వాలని చెప్పింది. ఆ తీర్పు వచ్చిన రోజు మా ఇంట్లో పాయసం వండాను. ఈ చర్చలో అందరూ సేవ, జీతం అని రెండు గీతలు గీస్తున్నారు. మా బతుకు ఆ రెండు గీతల మధ్య గడిచిపోయింది. స్వచ్ఛందం అన్న మాట రాస్తే చాలు, పింఛను అడగకూడదు, సెలవు అడగకూడదు. చట్టం రాసేవాళ్లు ముందుగా వాలంటీరు ఎవరు, ఆ పేరుతో ఏళ్ల తరబడి ఉద్యోగం చేయించుకుంటున్నది ఎవరిని అన్నది విడదీసి రాయాలి. లేకపోతే వాలంటీర్ల చట్టం చూపించి మాలాంటివాళ్లకు జీతం ఎగ్గొడతారు.

అంగన్‌వాడీ_అక్క

ఇల్లాలి మాటకు నా మాట కలుపుతున్నాను. మాకు ఇచ్చేదాన్ని గౌరవ వేతనం అంటారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు 1972 నాటి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని చెప్పేవరకు, గౌరవం తప్ప మరేమీ అడగకూడదన్నట్లే ఉండేది.

వార్డు_మాజీ

ఇక్కడ పార్టీల మాట ఎత్తను. 2019 ఆగస్టు 15న మొదలైన గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థలో పనిచేశాను. నెలకు 5,000 రూపాయలు. కరోనా రోజుల్లో ఇంటింటికీ తిరిగి జ్వరాల వివరాలు రాశాను. 2024లో ఆ వ్యవస్థ ఆగిపోయింది. అది మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. నేను తెలుసుకున్నది ఒక్కటే: ఉత్తర్వుతో వచ్చింది ఉత్తర్వు లేకపోతే పోతుంది, పోయినప్పుడు చేసిన పనికి ఆధారం కూడా మిగలదు. ఉద్యోగ దరఖాస్తులో ఆ ఐదేళ్ల అనుభవం అన్న గడిలో ఏం రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

బాల్టిమోర్_బుచ్చెయ్యపేట

మాది బుచ్చెయ్యపేట దగ్గర ఊరు, ఇరవై ఏళ్లుగా అమెరికాలో ఉంటున్నాం. మా అమ్మాయి డిగ్రీ అయ్యాక ఒక ఏడాది అమెరికోర్ అనే అక్కడి ప్రభుత్వ సేవా కార్యక్రమంలో పనిచేసింది, బడి పిల్లలకు చదవడం నేర్పింది. ఆ వ్యవస్థ 1993లో చేసిన చట్టంతో వచ్చింది. పూర్తి కాలం అంటే 1,700 గంటలు. ఆ కాలంలో ఖర్చులకు కొంత భత్యం, ముగిశాక చదువు ఖర్చుకో విద్యారుణం తీర్చడానికో వాడుకునే పురస్కారం ఇస్తారు. 2009లో మరో చట్టంతో ఆ పురస్కారాన్ని పేద విద్యార్థులకిచ్చే పెల్ గ్రాంటు గరిష్ఠ మొత్తానికి ముడిపెట్టారు. ఆ మొత్తం పెరిగితే ఇదీ పెరుగుతుంది, ప్రతిసారీ ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు. 55 ఏళ్లు దాటిన వాలంటీరు తన పురస్కారాన్ని పిల్లలకో మనవలకో బదిలీ చేయవచ్చు.

లోపమూ చెబుతాను. ఆ పురస్కారం మీద ఆదాయపు పన్ను పడుతుంది. దాన్ని తీసేయాలని అక్కడి చట్టసభలో బిల్లులు పెడుతూనే ఉన్నారు. మా అమ్మాయి ఆ ఏడాది పన్ను కాగితాలు చూసి, ఇచ్చిన చేత్తోనే తీసుకున్నారు నాన్నా అంది. మీరు రాసే చట్టంలో పన్ను మినహాయింపు మొదటే రాయండి.

గిరి గారికి పనికొచ్చేది ఇంకొకటుంది. పీస్ కోర్ అంటే విదేశాలకు సేవకులను పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ. దాని వాలంటీరుకు సేవలో గాయమైతే, జీతగాడు కాకపోయినా, ఆ గాయం విషయంలో మాత్రం అతన్ని ఫెడరల్, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిగానే పరిగణించి పరిహారం ఇస్తారు.

డాబాగార్డెన్స్_న్యాయవాది

బాల్టిమోర్ వారు చివర చెప్పిన మాట కోసమే నేను వెతుకుతున్నాను. "ప్రభుత్వ అధికారి పిలుపు మీద సేవ చేస్తున్న వాలంటీరును, ఆ సేవలో కలిగిన గాయం, వ్యాధి, మరణం విషయంలో మాత్రం, పిలిచిన శాఖ ఉద్యోగిగా పరిగణించవలెను." ఈ ఒక్క వాక్యం చాలు. వాలంటీరు ఉద్యోగి కాడు అన్న సూత్రం చెడదు, సింహాచలం పెద్దాయన భయపడిన జీతం రాదు, బీమా గడువుతో పని లేదు, ఉద్యోగులకు వర్తించే పరిహారపు లెక్కే ఇక్కడా వర్తిస్తుంది. ఇల్లాలు గారు అడిగిన రక్షణకు రెండో వాక్యం: ఏడాదిలో ఇన్ని రోజులకు మించి పనిచేయించుకుంటే అది స్వచ్ఛంద సేవ కాదు, ఉద్యోగం.

కంచరపాలెం_కృష్ణ

ఎంత బాగా రాసినా దీన్ని ఆమోదించేదెవరు? మన ఎంపీ ప్రభుత్వం తరఫున కాకుండా సొంతంగా ప్రైవేటు బిల్లు పెడితే ఫలితం ఉంటుందా?

డాబాగార్డెన్స్_న్యాయవాది

స్వాతంత్ర్యం వచ్చాక ఇప్పటివరకు చట్టమైన ప్రైవేటు బిల్లులు 14 మాత్రమే, చివరిది 1970లో. ఆ లెక్క చూసి నిరాశపడనక్కర్లేదు. ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద 2014లో పెట్టిన ప్రైవేటు బిల్లును 2015లో రాజ్యసభ ఆమోదించింది. అది చట్టం కాకపోయినా ప్రభుత్వం తన సొంత బిల్లు తేవాల్సి వచ్చింది, 2019లో చట్టం వచ్చింది. రోడ్డు ప్రమాద బాధితులను ఆదుకున్నవారి సంగతీ అంతే. 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలను ఆమోదించింది, 2019లో వాళ్లకు రక్షణ ఇస్తూ మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షను చేరింది.

పైగా ఢిల్లీ కోసం ఎదురుచూడక్కర్లేదు. సామాజిక భద్రత రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో 23వ అంశం, రాష్ట్ర శాసనసభ కూడా చట్టం చేయవచ్చు. యాప్‌ల ద్వారా డెలివరీ, టాక్సీ వంటి పనులు చేసే గిగ్ కార్మికుల కోసం రాజస్థాన్ 2023లో అలాగే చేసింది.

జాలారిపేట_కుర్రోడు

అన్నీ చదివాను. అందరూ శిక్షణ పొందిన వాలంటీర్ల గురించే మాట్లాడుతున్నారు. బీచిలో ఎవరైనా కొట్టుకుపోతే అధికారులు ముందు ఫోను చేసేది మా పేటకే. మాకు శిక్షణ లేదు, కార్డు లేదు, సంచీ లేదు. మా నాన్న నేర్పిన ఈతే ఉంది. తెప్ప తీసుకుని వెళతాం, డీజిలు మాదే, ఆ రోజు వేట పోతుంది. ఒక్కోసారి రెండు రోజులు వెతుకుతాం. శవం దొరికాక దాన్ని చేతులతో ఎత్తేది మేమే, ఆ రాత్రి అన్నం దిగదు. ఈ చట్టంలో మేము ఉన్నామా?

మద్దిలపాలెం_మాధవి

తమ్ముడూ, ఉండాలి. నువ్వు లేని చట్టం విశాఖకు ఎందుకు?

డాబాగార్డెన్స్_న్యాయవాది

కార్డును బట్టి కాకుండా పిలుపును బట్టి వర్తించాలని నేను పైన రాసింది ఇందుకే. ఇంధనం, పడవ నష్టం, పోయిన వేట కూడా నష్టమే, వాటినీ విడిగా రాయాలి. అయితే అప్పుడు అసలు ప్రశ్న మళ్లీ గిరి గారి దగ్గరికే వస్తుంది. పిలిచినట్లు రుజువు ఏది?

గిరి గారూ, ఆ రాత్రి నియంత్రణ గది లాగ్ పుస్తకంలోని పేజీ నకలు ఇవ్వాలని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీ ఫోనులోని కాల్ జాబితాను తుడిచేయకండి, అయితే దాని ఫొటో ఒక్కటే సరిపోదు, దానికి తగిన ధ్రువీకరణ ఉండాలి. కాల్ వివరాలను టెలికాం సంస్థలు కనీసం రెండేళ్లు భద్రపరచాలన్న నిబంధన 2021 డిసెంబరు నుంచి ఉంది. ఆ గడువు దాటకముందే కదలండి.

ఎన్‌ఎస్‌ఎస్_మాష్టారు

మా పథకంలో ప్రతి విద్యార్థికీ ఒక పని డైరీ ఉంటుంది. తేదీ, చోటు, గంటలు, పక్కన అధికారి సంతకం. చట్టానికి అనుబంధంగా అలాంటి నమూనా పుస్తకం ఒకటి పెడితే, పిలిచిన అధికారి మర్నాడైనా సంతకం చేయవచ్చు.

గోపాలపట్నం_గిరి

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. న్యాయవాది గారు చెప్పినట్లే దరఖాస్తు పెట్టాను, నిన్న జవాబు వచ్చింది. లాగ్ పుస్తకంలో ఆ రాత్రి 11.20కి ఒక పంక్తి ఉంది. "స్థానిక వాలంటీర్లకు సమాచారం ఇవ్వడమైనది." అంతే. ఎవరికి ఇచ్చారో, ఎంతమంది వెళ్లారో, ఎప్పుడు తిరిగి వచ్చారో ఏమీ లేదు. అయినా ఆ పంక్తిని పదిసార్లు చదువుకున్నాను. పిలిచారన్నది అబద్ధం కాదని కాగితం మీద చూడటం ఇదే మొదటిసారి. మా ఆవిడకు కూడా చదివి వినిపించాను.

డాబాగార్డెన్స్_న్యాయవాది

అది చాలా విలువైన పంక్తి. సమయం మీ కాల్ జాబితాతో కలిస్తే ఆ "స్థానిక వాలంటీర్ల"లో మీరు ఉన్నారని నిలబెట్టవచ్చు. ఆసుపత్రిలో చేర్చుకున్న సమయం రాసిన చీటీ కూడా జతచేయండి. గాయాల పద్దు కింద 16,000 కోసం అర్జీ, కొత్త చట్టం కోసం ముసాయిదా, రెండూ ఒకేసారి నడుపుదాం. ముసాయిదాలో మొదటి సెక్షనుగా ఇదే పెడుతున్నాను: పిలిచిన ప్రతిసారీ వాలంటీరు పేరు, పిలిచిన సమయం, చోటు, తిరిగి వచ్చిన సమయం నమోదు చేయడం పిలిచిన అధికారి బాధ్యత. అలా నమోదు చేయకపోతే, ఆ తప్పు వాలంటీరు హక్కును దెబ్బతీయకూడదు. నష్టపరిహారం, యజమానికి జీతం తిరిగి చెల్లించడం, పన్ను మినహాయింపు, విద్యార్థులకు క్రెడిట్లు అన్నీ దాని తర్వాతే.

ఆటోనగర్_యజమాని

యజమానికి చెల్లింపు 60 రోజుల్లో అని రాయండి, సంతకం చేయడానికి మా షెడ్డు పక్కనున్న పదిమంది యజమానులను నేను తీసుకొస్తాను.

సేవాపథం_సింహాచలం

నా సంతకం కూడా తీసుకోండి. క్రెడిట్ల సెక్షను పక్కన నా అసమ్మతిని నమోదు చేయండి.

జాలారిపేట_కుర్రోడు

న్యాయవాది గారూ, ఒక సందేహం. మా పేటలో ఒక పెద్దాయన ఉన్నారు. ఎవరు వెతకడానికి పిలిచినా, ఎవరి తెప్ప వెళ్లిందో, ఎవరెవరు వెళ్లారో, ఎప్పుడు వచ్చారో గోడ మీది కాలెండరులో ఆ తేదీ గడిలోనే పెన్నుతో రాస్తారు. పాత కాలెండర్లు కూడా పారేయలేదు, పద్నాలుగేళ్లవి చుట్టచుట్టి దూలం మీద పెట్టారు. అవి దేనికైనా పనికొస్తాయా?

డాబాగార్డెన్స్_న్యాయవాది

పనికొస్తాయి. వాటిని వానకు తడవని చోట పెట్టమని ఆయనకు చెప్పు బాబూ. ఆదివారం ఉదయం మాష్టారిని కూడా తీసుకుని వస్తాను, ఆయన దగ్గర కూర్చుని ఒక్కో గడీ రాసుకుందాం.